నలభై మిల్లీమీటర్ల ధైర్యం

మొదటి అభ్యర్థి జ్ఞాపకం ముప్పై తొమ్మిది మిల్లీమీటర్లు కురిసి ఆగిపోయింది.

తరళ వంగి కొలజాడీ అంచుకు కన్ను ఆనించి చూసింది. ఇంకో చుక్క రాలుతుందేమోనని అభ్యర్థి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. మంచుగది పైకప్పు కింద మిగిలిన పలచటి తెలుపులో అతని చిన్ననాటి బడి వరండా ఒకసారి వణికి, చెదిరి, మాయమైంది. చుక్క రాలలేదు.

“ముప్పై తొమ్మిది. క్షమించండి, నలభై ఉండాలి,” అంది తరళ.

“ఒక్క మిల్లీమీటరే కదండీ.”

“ఒక్కటే. కానీ మీ వరండాలో ఎండ ఎంత బావుందో! స్తంభాల నీడలు నిచ్చెనలా పడ్డాయి.”

అతను కాస్త నవ్వి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

“ప్రశ్నాధికారి అభిప్రాయాలు కొలతలో చేరవు,” అంది గోడలోంచి తుల. దానిది మగ గొంతూ కాదు, ఆడ గొంతూ కాదు. రైలు స్టేషన్లో ప్రకటనలు చేసే గొంతులా ఎప్పుడూ ఒకే మర్యాదతో ఉంటుంది.

“తెలుసు, తులా. ఎండ బావుందని చెప్పాను, అంతే.”

తరళ జాడీని బోర్లించి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్ళీ గది మధ్యలో నిలబెట్టింది. నడిచినప్పుడల్లా గాజు నేల మీద మెట్టెలు టక్కు టక్కుమన్నాయి. పెళ్ళయి పందొమ్మిది రోజులు. పదహారు రోజుల పండుగ అయ్యాక ఉద్యోగానికి వచ్చి ఇది మూడో రోజు. ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకోలేక తుల మూడు రోజులుగా దాన్ని ‘కారణం తెలియని లయ’ అని నమోదు చేస్తోంది. తరళ చెప్పలేదు. ఒక యంత్రానికి తెలియని సంగతి తన కాలివేళ్ళ దగ్గర ఉందంటే ఆమెకు చెప్పలేనంత సరదాగా ఉంది. అవసరం లేకపోయినా గది చుట్టూ ఇంకోసారి నడిచింది.

భానోజీ గారు గొట్టం పట్టుకుని లోపలికి వచ్చారు. ప్రతి ఇంటర్వ్యూకీ గదిలో తాజా మంచు నింపడం ఆయన పని. శిఖరం మీద పరిచిన మంచువలల్లో తెల్లవారుజామున చిక్కిన తేమ గొట్టం గుండా వచ్చి గదిలో విచ్చుకుంటుంది. అభ్యర్థి మాట్లాడుతూ ఉంటే అతని జ్ఞాపకం ఆ మంచులో బొమ్మ కడుతుంది. అందులో ఎంత ధైర్యం ఉంటే అంత బరువెక్కి, నీరై జాడీలోకి కురుస్తుంది. కురవగా మిగిలిన మంచును తూము మీట నొక్కి కాలువలోకి దింపేయాలి. మంచు మొత్తం కురవడమో, తూములోంచి దిగడమో అయ్యాకే ఇంటర్వ్యూ ముగిసినట్టు లెక్క. నలభై ఏళ్ళుగా వానల కచేరీలో ఉద్యోగాలన్నీ ఇలాగే ఇస్తున్నారు.

“ఏటమ్మా కొత్త పెళ్ళికూతురా, ఇయ్యాల డబ్బాలో ఏటుంది?” అన్నారు భానోజీ గారు, మంచు మరను విప్పుతూ.

“తెలీదండీ. మధ్యాహ్నం దాకా తెరవకూడదు. అది షరతు.”

“నిన్నటి పులిహోర గుర్తుంది నాకు. ఉప్పు అనే పదార్థం ఒకటి ఉందని మీ ఆయనకెవరైనా సెప్పండమ్మా.”

తరళ పకపకా నవ్వింది. మంచు ఆమె పసుపుతాడు మీద సన్నటి పూసలై కూర్చుంది.

*

పెళ్ళిచూపుల రోజున పెద్దవాళ్ళు మీరూ మీరూ మాట్లాడుకోండని లేచి వెళ్ళగానే తరళకు ఏం అడగాలో తోచలేదు. నాలుగేళ్ళ అలవాటు నోట్లోంచి దానంతటదే వచ్చేసింది: “ఇంతవరకు ఎవరూ చేయని పనిని మీరు చేసిన సందర్భం ఒకటి చెప్పండి.”

ప్రభవ్ కాఫీ ఒలికేంత నవ్వాడు. “అలాంటిదేమీ లేదండీ. ఎవరూ చేయనిదాని మాట దేవుడెరుగు, అందరూ చేసేదే నేను చేయలేదు. ఇంతవరకు పోపు కూడా పెట్టలేదు. కానీ పెళ్ళయితే మీ డబ్బా నేనే కడతాను.”

“ఎలా నమ్మను?”

“చూద్దాం,” అన్నాడతను, చొక్కా మీద కాఫీ తుడుచుకుంటూ.

మంచుగదిలో అయితే ఆ జవాబు సున్నా మిల్లీమీటర్లు. తరళ లోపలికి వెళ్ళి అమ్మతో సరేనని చెప్పేసింది. ఎందుకని అమ్మ అడిగితే చెప్పడానికి తన దగ్గర ఆధారమేదీ లేకపోయింది.

*

రెండో అభ్యర్థి తేజోనిధి. ఇస్త్రీ మడతలు, కొలిచి విడిచినట్టుండే చిరునవ్వు. ఇవాళ్టి ఉద్యోగం మామూలుది కాదు: ముందుచూపరి పదవి. సముద్రం మీంచి వచ్చే ప్రతి మబ్బుకూ తుల గమ్యం రాస్తుంది. నిరుడు ఏ ఊళ్ళో ఎంత కురిసిందో, ఈ ఏడు ఆ ఊరికి అంతే. ఒకప్పటి వరదలూ కరువులూ తగాదాలూ అలాగే ఆగాయి. ఆ వానచిట్టాలో ఏడాదికి ఒక్కసారి, ఒకే ఒక్క కొత్త గీత గీసే హక్కు ఒక మనిషికి ఉంది. ఆ మనిషే ముందుచూపరి.

“అందరూ ఒకవైపు ఉన్నప్పుడు మీరు ఒక్కరే వేరే దారి చూపిన సందర్భం చెప్పండి,” అంది తరళ.

తేజోనిధి చెప్పడం మొదలుపెట్టాడు. మంచులో ఒక సమావేశం గది కట్టింది. పసుపుపచ్చ గోడలు, పొడుగు బల్ల, బల్ల మీద పిడి విరిగిన కప్పు. అతను లేచి నిలబడ్డాడు. అందరూ తల తిప్పారు. వాన దబదబా జాడీలో పడింది. యాభై రెండు మిల్లీమీటర్లు.

తరళ నిట్టూర్చింది. ఆ పసుపు గోడలను ఈ ఏడాదిలో చూడటం ఆమెకు ఇది పదకొండోసారి.

“ఆ కప్పు ఎవరిది?” అని అడిగింది.

“ఏ కప్పండీ?”

“బల్ల మీద ఉంది. పిడి విరిగింది.”

చిరునవ్వు ఒక్క క్షణం ఎక్కడికో వెళ్ళి వచ్చింది. “మా శిక్షణలో… అంటే, మా ఆఫీసుదే అనుకుంటానండీ.”

అతను వెళ్ళాక తరళ గోడవైపు తిరిగింది. “ఇది అచ్చు జ్ఞాపకం, తులా. ఎక్కడో పోతపోసి అందరికీ నేర్పిస్తున్నారు. ఒకే సంఘటన పదకొండు మందికి ఎలా జరుగుతుంది?”

“ఈ జ్ఞాపకం గతంలో ధైర్యంగా నమోదైంది,” అంది తుల. “కనుక ఇది ధైర్యమే. మూడో అభ్యర్థి ఇంతకు మించకపోతే సాయంత్రం నాలుగింటికి తేజోనిధి గారికి నియామక పత్రం వెళుతుంది.”

నాలుగేళ్ళుగా ముందుచూపరి కుర్చీలో కూర్చున్న వాళ్ళంతా పసుపు గోడల గదిలోంచి వచ్చినవాళ్ళేనని తరళకు అప్పుడు తట్టింది. నాలుగేళ్ళుగా వాళ్ళు గీసిన కొత్త గీతలన్నీ పాత గీతల మీదే పడ్డాయి.

మధ్యాహ్నం డబ్బా తెరిచింది. నిమ్మకాయ పులిహోర. వేరుశనగలు కొన్ని నల్లగా, కొన్ని తెల్లగా ఉన్నాయి. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు పెద్దవి చేసింది.

“భానోజీ గారూ! ఉప్పుంది!”

“ఏదీ, ఏదీ!” అంటూ ఆయన ఆకు పట్టుకుని వచ్చారు. రుచి చూసి గంభీరంగా తలాడించారు. “ఆవాలు కూడా సిటపటలాడినాయమ్మా. మనిషి బాగుపడతాడు.”

*

మూడో అభ్యర్థి పేరు నూకరత్నం. వయసు నలభై ఆరు. శిఖరం మీద మంచువలలు ఉతికి, చిరిగితే కుట్టే పని. నీళ్ళలో నాని నాని ఆమె చేతివేళ్ళ కొసలు తెల్లబడి ఉన్నాయి. కుర్చీ అంచున కూర్చుని గదంతా చూసింది.

“ఈ మంచు నా వలలోదేనమ్మా,” అంది. “తూరుపు మూల వల. తామరాకు వాసనొస్తాది, సూడండి.”

తరళ వాసన చూసింది. నిజమే. నాలుగేళ్ళుగా ఆ గదిలో కూర్చుంటున్నా తను ఎప్పుడూ మంచు వాసన చూడలేదు.

“మీరు ఇంతకుముందు రెండుసార్లు వచ్చారు కదా?”

“వొచ్చినానమ్మా. రెండుసార్లూ సున్నాయే. మూడుసార్లే రానిస్తారంట. ఇదే ఆకరు.”

తరళ పట్టిక తెరిచింది. ఐదు ప్రశ్నలు. ఐదింటి చివరా ‘సందర్భం చెప్పండి’ అనే ఉంటుంది.

“అందరూ ఒకవైపు ఉన్నప్పుడు మీరు ఒక్కరే వేరే దారి చూపిన…”

“నేదమ్మా. నానెప్పుడూ అందరితోనే ఉన్నాను.”

“మీ పైవాళ్ళు కాదన్నా మీరు పట్టుబట్టి చేసిన…”

“మా మేస్త్రీ మంచోడేనమ్మా. కాదని ఎప్పుడూ అన్నేదు.”

మంచు పైకప్పు కింద బద్ధకంగా వేలాడుతోంది. జాడీ పొడిగా ఉంది.

“మీ ఆలోచన విఫలమైనప్పుడు దాన్నుంచి మీరు నేర్చుకున్న సందర్భం?”

నూకరత్నం పొడి జాడీ వైపు చూసింది. తర్వాత, “తేనెపట్టు సంగతి సెప్పీమంటారా?” అంది.

“చెప్పండి.”

“మాది నెమలిగెడ్డ. లోయలో ఉంటాది. మా ఊళ్ళో కూడా ఇలాటి గిన్ని ఒకటుండేది, వాన కొలిసేది. పదకొండేళ్ళ కిందట దాని మూతి మీద తేనెటీగలు పట్టు పెట్టినాయి. తీసేద్దారని కొందరన్నారు. పట్టులో పిల్లలుంటాయి కదా, వాన్లయ్యాక తీద్దారిలే అన్నాను నాను. అందరూ సరే అన్నారు. వాన బాగానే పడింది ఆ ఏడు. గెడ్డ పొంగింది. కానీ గిన్నిలోకి సుక్క దిగనేదు.”

మంచులో చిన్న జాడీ ఒకటి కట్టింది. దాని మూతి మీద చిట్టి నెలవంకలా తేనెపట్టు. చుట్టూ తెల్లటి ఈగలు చప్పుడు లేకుండా తిరిగాయి. తరళ కొలజాడీని మరచిపోయి వాటినే చూసింది.

“సిట్టాలో మా ఊరికి సున్నా అని రాసుకున్నారు,” అంది నూకరత్నం. “మరుసటేడు సున్నాయే వొచ్చింది. ఆ మరుసటేడూ అంతే. ఆకాశంలో మబ్బులు మా నెత్తి మీంచే ఎల్తాయమ్మా, బడిపిల్లల్లాగ వరసలో. ఒక్కటీ తలొంచి సూడదు. పూలు నేకపోతే ఈగలూ ఎల్లిపోయినాయి. వలల కాడ నీళ్ళు బిందెలతో మోసుకుని బతుకుతున్నాం. మిగిలింది ఇరవై గడపలు. ఈ ఏడూ ఇంతే అయితే అయ్యీ కదిలిపోతాయి.”

టప్పుమని ఒక్క చుక్క పడింది.

“అర మిల్లీమీటరు,” అంది తుల. “తేనెటీగలను తొలగించకపోవడం ధైర్యంగా నమోదై లేదు. మిగిలిన రెండు ప్రశ్నలు అడిగి ముగించండి.”

తరళ ఆ రెండూ అడిగింది. పదేళ్ళ ముందుకు చూసి తీసుకున్న నిర్ణయం: లేదు. తన కలను ఇతరులూ కనేలా చేసిన సందర్భం: లేదు. నూకరత్నం ప్రతిదానికీ నిజాయితీగా ‘నేదమ్మా’ అంది. పరీక్ష పోయిందని ఆమెకు తెలుసు. ఒడిలో చేతులు ముడుచుకుని, లేవమంటే లేద్దామన్నట్టు కూర్చుంది.

తరళ పట్టిక మూసింది. మెట్టె ఒకసారి నేలకు తగిలి టక్కుమంది. నిమ్మకాయ పులిహోర రుచి ఇంకా నాలుక మీద ఉంది. మొన్నటిదాకా పోపు పెట్టడం కూడా రాని మనిషి చేసిన పులిహోర.

“నూకరత్నమ్మ గారూ,” అంది, “రేపు ముందుచూపరి కుర్చీలో కూర్చుంటే ఏం చేస్తారు?”

“ఈ ప్రశ్న పట్టికలో లేదు,” అంది తుల.

నూకరత్నం గోడవైపు చూసి, తరళవైపు చూసింది. “సెప్పొచ్చామ్మా?”

“చెప్పండి.”

“ఒక మబ్బును వొగ్గేస్తాను.”

“మీ ఊరికా?”

“కాదమ్మా. మా ఊరికి పంపితే అదీ ఒక గీతే కదా. ఇంకోరి వాన కోసి మాకు తేవాలి. ఊరికే వొగ్గేస్తాను. ఎక్కడికెల్తావో ఎల్లవే అంటాను. కొండలెక్కడున్నాయో దానికి తెల్దా? పిల్లకి నడకొచ్చేదాకా సెయ్యి అట్టుకుంటాం. నలభయ్యేళ్ళు అట్టుకునే ఉంటే అదెప్పుడు నడుస్తాది తల్లీ?”

“ఏ గమ్యమూ రాయని మబ్బు ఎక్కడికి వెళుతుంది?”

“ఎవులికీ తెల్దమ్మా. వలలు ఉతుకుతూ పదకొండేళ్ళుగా అదే అనుకుంటన్నాను. ఎక్కడికెల్తాదో సూడాలని నాకు శానా ఇష్టం.”

చెబుతున్నప్పుడు ఆమె మొహం పండగ నాటి పిల్ల మొహంలా ఉంది.

మంచు కదిలింది. బొమ్మ కట్టడానికి అందులో జ్ఞాపకమేమీ లేదు. ఒక కొండ అవబోయి మానేసింది, ఒక చెట్టు అవబోయి మానేసింది. తర్వాత మెల్లగా గది అంతా తిరిగి, పడమటి కిటికీ దగ్గరికి పోయి, అద్దానికి దూడ మూతిలా తడిగా ఆనుకుని ఆగింది. నాలుగేళ్ళలో మంచు తనంత తాను నడవడం తరళ చూడలేదు.

“జ్ఞాపకం లేదు,” అంది తుల. “కొలత సాధ్యం కాదు. తూము మీట నొక్కి ఇంటర్వ్యూ ముగించండి. సమయం మూడూ యాభై.”

మీట తరళ కుడిచేతి పక్కనే ఉంది. నొక్కితే మంచు కాలువలోకి దిగిపోతుంది. నూకరత్నం పేరు ఎదురుగా మూడో సున్నా పడుతుంది. నొక్కకపోతే ఏమవుతుందో ఏ నియమంలోనూ రాసి లేదు, ఎందుకంటే ఇంతవరకు నొక్కనివాళ్ళు లేరు. తన ఉద్యోగం మాత్రం పోవచ్చు. ప్రభవ్ రేపు డబ్బా ఎవరికి కడతాడు అనుకుంది. అనుకుని, ఇంట్లోనే పక్కపక్కన కూర్చుని తినొచ్చు కదా అనుకుంది. భయంలో కూడా నవ్వొచ్చింది.

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. గడియ తుప్పు పట్టి ఉంది. అంచుల చుట్టూ మైనం.

తలుపు దగ్గర భానోజీ గారు గొట్టం పట్టుకుని నిలబడిపోయారు. “అమ్మా, అది నలభయ్యేళ్ళుగా ఎవరూ తియ్యనేదు.”

“తెరుచుకుంటుందంటారా?”

ఆయన తుల వైపు చూశారు, నూకరత్నం వైపు చూశారు, గడ్డం గోక్కున్నారు. “ఏమోనమ్మా. మర కోసం తెచ్చిన నూనె కొంచెం ఉంది. పొయ్యమంటారా?”

“పోయండి.”

“ఇది నియమం కాదు,” అంది తుల.

“నియమానికి విరుద్ధం కూడా కాదు, తులా. మంచు గదిలోనే ఉండాలని ఎక్కడుందో చూపించు.”

తుల వెతకసాగింది. ఈలోగా మైనం పెళ్ళలుగా రాలింది. గడియ కీచుమంది. భానోజీ గారు భుజం ఆనించి తోశారు. గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చి తరళ జడలోని మల్లెల్ని, పట్టికలోని కాగితాల్ని, నూకరత్నం పమిట చెంగును ఎగరేసింది. మంచు కిటికీ గడప మీద ఒక్క క్షణం తటపటాయించింది. ఆ తర్వాత బయటికి జారిపోయింది.

బయటపడ్డాక అది మబ్బయింది. చిన్నది, ఒక గడ్డివాము అంత. కచేరీ ముందు నుంచి పెద్ద మబ్బులు వరసలో పోతున్నాయి, ఒక్కొక్కదాని కడుపులో ఒక్కో గమ్యం సంఖ్య పెట్టుకుని. చిన్న మబ్బు వాటి మధ్యలోంచి అడ్డంగా నడిచింది. ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చింది. ఎండలోకి దొర్లి, అంచులు బంగారంలా చేసుకుని, మళ్ళీ కదిలింది.

“ఎల్లవే,” అంది నూకరత్నం, చాలా మెల్లగా.

గదిలోని తెర వెలిగింది. కచేరీలోని పదకొండు అంతస్తుల్లోనూ తెరలన్నీ ఒకేసారి వెలిగిన చప్పుడు వినిపించింది. గమ్యం లేని మబ్బు ఒకటి నమోదైంది. పంపినవారు: ప్రశ్నాధికారి తరళ. దాని కింద ఇంకో వాక్యం: మంచు పూర్తిగా కురవలేదు, తూము ద్వారా దిగలేదు. నూకరత్నం ఇంటర్వ్యూ ముగియలేదు. ముగిసేవరకు ముందుచూపరి నియామకం నిలిపివేయడమైనది.

గడియారం నాలుగు కొట్టింది. తేజోనిధికి వెళ్ళవలసిన పత్రం వెళ్ళలేదు.

“అంటే ఏటమ్మా?” అంది నూకరత్నం.

“అంటే మీ జవాబు ఇంకా చెబుతూనే ఉన్నారన్నమాట. అది ఎక్కడ కురిస్తే అక్కడే మీ కొలత.”

నూకరత్నం కిటికీ చువ్వ పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. మబ్బు లోయ వైపు వెళుతుందో, సముద్రం వైపు వెళుతుందో తెలియడం లేదు. “పట్టు ఎండిపోయినాక గిన్ని కడిగీసినానమ్మా,” అంది. “రోజూ తుడుస్తాను. పొద్దున్నే మూత తీస్తాను, రాత్రికి పెడతాను. ఎందుకే పిచ్చిదానా అంటారందరూ. ఇయ్యాల కూడా మూత తీసే వొచ్చినాను.”

తరళ ఆమె వైపు తిరిగింది. పదకొండేళ్ళుగా వాన రాని ఊళ్ళో రోజూ మూత తీయడం. ఐదు ప్రశ్నలకూ అదే జవాబు. ఏ ఒక్కదానికీ ఆమెకు అది చెప్పాలని తట్టలేదు.

“గమ్యం తెలపండి,” అంది తుల.

భానోజీ గారు రాలిన మైనం పెళ్ళలు ఏరసాగారు.

“గమ్యం తెలపండి. గమ్యం లేకుండా చిట్టా పూర్తి కాదు.”

తరళ తెర దగ్గరికి నడిచింది. టక్కు టక్కు టక్కు. ఖాళీ గడిలో గీత మినుకుమినుకుమంటోంది. ఒక్క మాట రాసింది.

చూద్దాం.

తుల ఆ మాట కోసం ఊళ్ళ జాబితా అంతా వెతికింది. నదుల జాబితా వెతికింది. నలభై ఏళ్ళ వానలు వెతికింది. మళ్ళీ మొదటి ఊరి నుంచి మొదలుపెట్టింది.

కిటికీ బయట, వరసలో అన్నిటికంటే వెనక నడుస్తున్న పెద్ద మబ్బు ఆగింది. కాసేపు అలాగే నిలబడి, చిన్న మబ్బు పోయిన వైపు మెల్లగా తిరిగింది.